మాస్సీ 35 నీలం పొగ ఇలా ఆగింది
ఆనందపురంలో నాన్న వాడే పాత మాస్సీ 35 ట్రాక్టర్ నీలం పొగ కక్కుతూ, దుక్కికి వెళ్ళొచ్చిందంటే చాలు ఇంజన్ ఆయిల్ తాగేసేది. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు మారిస్తే సరిపోతుందన్నారు, మార్పించాను, నెల తిరక్కుండా మళ్ళీ అదే పొగ. ఈసారి ఇంజన్ పైమూత (హెడ్) విప్పి, పిస్టన్ ఆడే గొట్టం, అంటే లైనర్ పైఅంచున గోరు పెట్టి చూస్తే మెట్టులా తగిలింది: రింగులు ఆడే మేరంతా అరిగిపోయి, అవి చేరని పైభాగం మాత్రం అలాగే మిగిలింది. అలాంటి లైనర్‌లో కొత్త రింగు ఎలా పట్టుకుంటుంది!

గాజువాక ఆటోనగర్‌లో 3 సిలిండర్లకీ లైనర్లు, పిస్టన్లు కొత్తవి వేయించి, పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్‌ని గ్రైండింగ్ చేయించి, సన్నబడిన దానికి సరిపోయే అండర్‌సైజ్ బేరింగులు వేశాం. ప్రతి రింగునీ ముందు ఖాళీ లైనర్‌లో పెట్టి, సందులు కొలిచే పలచని రేకుల ఫీలర్ గేజ్‌తో మూతి సందు, అంటే రింగు రెండు కొసల మధ్య ఖాళీ, కొలిచాకే పిస్టన్‌కి ఎక్కించాం. ఈ పని మాత్రం దగ్గరుండి చేయించుకోండి.

స్టార్ట్ చేసిన రోజు నాన్న పొగగొట్టం దగ్గర తెల్ల గుడ్డ పట్టుకుని నిలబడ్డారు. ఆయిల్ మరక పడలేదు.