ల్యాప్‌టాప్ రిపేరుకిచ్చిన షాపు మీద అనుమానం వస్తే: గొడవకి ముందు చేయాల్సిన పనులు

మేముండేది ఆంధ్రా సరిహద్దుకి ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో. మా అన్నయ్య కూతురు ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు కొన్న ల్యాప్‌టాప్‌కి హింజ్ విరిగితే బజార్లో ఒక షాపులో ఇచ్చాం. నాలుగు రోజులకి బాగు చేశారు, మూత చక్కగా తెరుచుకుంటోంది, డబ్బులిచ్చి తెచ్చేసుకున్నాం. వారం తర్వాత పిల్ల "చిన్నాన్నా, రెండు ప్రోగ్రాములు తెరిస్తే చాలు ఆగిపోతోంది" అంటే తెరిచి చూశాను. 8 జీబీ ర్యామ్ (ప్రోగ్రాములు నడవడానికి వాడుకునే మెమరీ) ఉండాల్సిన చోట 4 జీబీయే ఉంది. అన్నయ్య నేరుగా షాపుకెళ్లి నలుగురి ముందు కేకలేశాడు. "మీరిచ్చినప్పుడే ఇంతుంది" అన్నాడతను. మా దగ్గర కొన్నప్పటి బిల్లు ఉంది గానీ, రిపేరుకిచ్చిన రోజున లోపల ఏముందో చూపించడానికి ఒక్క ఫొటో కూడా లేదు. తిరిగొచ్చేశాం. పిల్ల అప్పుడు ప్రాజెక్టు మధ్యలో ఉంది, కొత్త ర్యామ్ వేయించడానికి ఇంకో నెల పట్టింది. ఆ నెలంతా పిల్ల పడ్డ టెన్షన్ చూశాక, ఇంకో ఇంట్లో ఇలా జరగకూడదని ఇది రాస్తున్నాను.

కాబట్టి మొదటి మాట, మెషిన్ ఇంకా మీ చేతిలో ఉంటే, ఇచ్చే ముందు పది నిమిషాలు కూర్చోండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి మెమరీ నొక్కితే ర్యామ్ ఎంత, దాని స్పీడ్ ఎంత, ఎన్ని స్లాట్లలో ఎన్ని నిండి ఉన్నాయి అన్నీ కనిపిస్తాయి. దానికి ఫోన్‌తో ఫొటో తీయండి. పక్కనే డిస్క్ నొక్కితే మోడల్ పేరు వస్తుంది, దానికీ ఒకటి. బ్యాటరీకి కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లీషులో పవర్‌సీఎఫ్‌జీ అని కలిపి రాసి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని (powercfg /batteryreport) కొడితే ఒక ఫైలు తయారవుతుంది, అందులో బ్యాటరీ అసలు కెపాసిటీ, ఇప్పుడు పట్టే చార్జీ, చాలా మోడళ్లలో సీరియల్ నంబరు కూడా ఉంటాయి. ఆ ఫైలు మీ మెయిల్‌కి పంపుకోండి. అడుగున ఉన్న స్టిక్కరు మీది సీరియల్ నంబరు, నాలుగు మూలలా గీతలు, స్క్రూలు, ఇవన్నీ ఫొటో తీయండి. మెషిన్ అసలు ఆన్ కాకపోతే లోపలివి చూడలేరు కదా, అప్పుడు షాపులో మీ ముందే అడుగు మూత విప్పించి ర్యామ్, ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచుకునే డిస్క్)ల మీది స్టిక్కర్లు ఫొటో తీసుకుంటానని అడగండి. నిజాయితీగా పని చేసేవాళ్లు దీనికి నొచ్చుకోరు, నేను అడిగిన ఇద్దరు ముగ్గురు మెకానిక్‌లైతే వాళ్లే విప్పి చూపించారు.

జాబ్ షీట్, అంటే షాపువాళ్లు మెషిన్ తీసుకుంటూ రాసే కాగితం మీద సమస్య ఏంటి, ఏ పార్టులతో ఇచ్చారు, అంచనా ఎంత, ఈ మూడూ రాయించండి. అంచనా దాటితే ఫోన్ చేసి అడిగాకే చేయాలని కూడా రాయించండి. మన వైపు ఇంకో ఇబ్బంది ఉంది. షీటు ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది, ఇంట్లో పెద్దవాళ్లకి తెలుగు తప్ప చదవడం రాదు, చూపించిన చోట సంతకం పెట్టేస్తారు. "డేటా పోతే షాపుకి బాధ్యత లేదు", "30 రోజుల్లో తీసుకెళ్లకపోతే అమ్మేస్తాం" లాంటివి అక్కడే ఉంటాయి. నాన్ననో అత్తనో ఒంటరిగా పంపకండి, చదవగలిగేవాళ్లు ఒకరు వెంట వెళ్లండి.

ఇప్పుడు ఇచ్చేశారు, తెచ్చుకున్నారు, అనుమానం వచ్చింది అనుకుందాం. నిజంగా మోసమేనా అని ముందు చూసుకోండి, ఎందుకంటే తప్పు లేని మనిషిని దొంగ అనడం కూడా అన్యాయమే. 512 జీబీ ఎస్‌ఎస్‌డీ విండోస్‌లో 476 జీబీ అనే చూపిస్తుంది, 256 అయితే 238. కంపెనీ లెక్క పెట్టే పద్ధతి వేరు, విండోస్ లెక్క పెట్టే పద్ధతి వేరు, అంతే, ఎవరూ ఏమీ తీయలేదు. 8 జీబీ ర్యామ్‌లో కొంత గ్రాఫిక్స్ వాడుకుంటుంది కాబట్టి 7.8 అనో ఇంకొంచెం తక్కువో కనిపించొచ్చు. కానీ 8కి బదులు 4 ఉన్నా, రెండు స్లాట్లు నిండి ఉండాల్సింది ఒకటే నిండి ఉన్నా, డిస్క్ మోడల్ పేరే మారినా అది వేరే సంగతి. "కొత్త ఎస్‌ఎస్‌డీ వేశాం" అని డబ్బు తీసుకుంటే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము వేసి పవర్ ఆన్ అవర్స్ చూడండి. నిన్న వేసిన డిస్క్ వేల గంటలు నడిచినట్టు చూపిస్తే అది కొత్తది కాదు.

మదర్‌బోర్డు పోయిందన్న మాట దగ్గర మాత్రం తొందరపడకండి. నిజంగానే పోవచ్చు, మా వైపు వానాకాలంలో కరెంటు వచ్చిపోయే తీరు చూస్తే ఆశ్చర్యం లేదు. కానీ స్క్రీన్ నల్లగా ఉండిపోయిన మెషిన్ ర్యామ్ తీసి, దాని కాంటాక్టులు రబ్బరుతో తుడిచి మళ్లీ పెడితే లేచి కూర్చోవడం నా కళ్లతో చూశాను. చార్జింగ్ ఎక్కకపోతే తప్పు పిన్ను దగ్గర ఉండొచ్చు, ఆ చిన్న పార్టు మారిస్తే సరిపోతుంది. అందుకని "ఏ పార్టు పోయింది, ఎలా తెలిసింది, చూపించండి" అని అడగండి, మార్చిన పాత పార్టు తిరిగి ఇవ్వమనండి. పెద్ద మొత్తం చెబితే రిపేరు ఆపించి, చెకింగ్ చార్జీ ఇచ్చేసి, మెషిన్ తెచ్చుకుని బరంపురంలోనో విశాఖలోనో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కో, ఇంకో షాపుకో చూపించండి. రెండో షాపులో మొదటివాళ్లేం చెప్పారో చెప్పొద్దు. చెబితే వాళ్లూ అదే దారిలో చూస్తారు.

డబ్బు దగ్గర తేడా వచ్చి మెషిన్ ఇవ్వనంటే లాక్కోవడానికి చూడకండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, చేసిన పనికి రావాల్సిన డబ్బు వచ్చేదాకా వస్తువు తన దగ్గర ఉంచుకునే హక్కు రిపేరు చేసినవాడికి ఉంది. మీరు ఒప్పుకోని పనికి కూడా అడుగుతుంటే, మెషిన్ అత్యవసరమైతే, యూపీఐలో కట్టి, అభ్యంతరంతో కడుతున్నానని వాట్సాప్‌లో అప్పుడే ఒక మెసేజ్ పెట్టి తెచ్చుకోండి. నగదు ఇవ్వకండి. బిల్లు అడగండి. జీఎస్‌టీ నంబరు లేని చిన్న షాపైనా రసీదు ఇవ్వొచ్చు, ఇవ్వకపోవడాన్ని వినియోగదారుల చట్టం అక్రమ వ్యాపార పద్ధతుల్లోనే చేర్చింది.

షాపుకి మాట్లాడటానికి వెళ్లేటప్పుడు ఫొటోలు ఫోన్‌లో తయారుగా పెట్టుకుని, రద్దీ లేని వేళ చూసుకుని వెళ్లండి. మా అన్నయ్య చేసిన తప్పు అదే, పది మంది ముందు నిలదీస్తే ఎవరైనా మొండికేస్తారు. "భాయ్, ఇచ్చినప్పుడు ఇది ఉంది, ఇప్పుడు లేదు, కుర్రాళ్లు ఎవరైనా పొరపాటున మార్చారేమో చూడు" అంటే వెనక్కి తగ్గడానికి అతనికీ ఒక దారి ఉంటుంది. మా వీధిలో ఒకావిడకి ఇచ్చిన రోజు తీసిన రెండు ఫొటోలు చూపించగానే సాయంత్రానికల్లా ఆవిడ ర్యామ్ ఆవిడకి వచ్చేసింది. ఒప్పుకోకపోతే వాదించకుండా వచ్చేసి, జరిగింది తేదీలతో సహా రాసి, 15 రోజుల గడువు పెట్టి స్పీడ్ పోస్టులో పంపండి, కాపీ దాచుకోండి.

డేటా సంగతి దీనికంటే ముఖ్యం. ర్యామ్ పోతే కొనుక్కోవచ్చు. హింజ్‌కో కీబోర్డుకో రిపేరు అయితే పాస్‌వర్డ్ ఇవ్వాల్సిన అవసరమే ఉండదు, టెస్ట్ చేయాలంటే వేరే అకౌంట్ ఒకటి తయారు చేసి ఇవ్వండి. ఆడపిల్లలున్న ఇంట్లో అయితే ఫొటోలు ముందే బయటి డిస్క్‌లోకి మార్చి అక్కణ్నుంచి తీసేయండి. తెచ్చుకున్నాక యాప్‌ల జాబితాలో మీరు వేయని ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి (దూరం నుంచే మీ మెషిన్‌ని నడిపించే ప్రోగ్రాములు) ఉన్నాయేమో చూసి, ఉంటే ఫొటో తీసి ఆ తర్వాతే తీసేయండి. మెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు ఫోన్ నుంచి మార్చండి. ఎవరైనా మీ ఫైళ్లు కాపీ చేశారని, ఫొటోలు బయటికి వచ్చాయని తెలిస్తే షాపతనితో బేరం వద్దు. ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద దానికి మూడేళ్ల దాకా జైలు ఉంది. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, ఖాతాలో డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇక సరిహద్దు గొడవ. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పాతపట్నం అటే ఉండిపోయింది, కానీ మనం కూరగాయలకీ రిపేర్లకీ రెండు వైపులా తిరుగుతూనే ఉంటాం. షాపు ఆంధ్రాలో ఉంది, మనం ఒడిశాలో ఉన్నాం, కేసు ఎక్కడ వేయాలి అని చాలామంది అక్కడే ఆగిపోతారు. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు, షాపు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. పోలీసు ఫిర్యాదుకి కూడా "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసేది) రాయమని అడగండి, కొత్త క్రిమినల్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో ఆ ఏర్పాటు ఉంది. కమిషన్‌కి ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, వాళ్లు షాపుతో మాట్లాడి చూస్తారు. అక్కడ తేలకపోతే జిల్లా కమిషన్, 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. రెండేళ్ల లోపు వేయాలి. కొన్నప్పటి బిల్లు, జాబ్ షీట్, ఇచ్చిన రోజు తీసిన ఫొటోలు, తెచ్చుకున్నాక తీసినవి, యూపీఐ స్క్రీన్‌షాట్, వాట్సాప్ మాటలు, స్పీడ్ పోస్ట్ రసీదు, రెండో షాపువాళ్లు రాసిచ్చిన కాగితం, ఇవన్నీ తేదీల వరసలో పెట్టి రెండు మూడు సెట్లు జిరాక్స్ తీయించుకుని వెళ్లండి.