పేరు చెబితే ఫోన్ కలపని కారు స్టీరియో: సమస్య – పరిష్కారం

అనంతపురం నుంచి తాడిపత్రి, ముద్దనూరు మీదుగా కడపకు నెలకు మూడు నాలుగుసార్లు కారులో పోయివస్తుంటాను. పోయిన వేసవిలో ఒకరోజు ముద్దనూరు దాటాక, చిన్నాయనకు ఫోన్ చేయమని స్టీరియోకి చెప్పాను. అది ‘చిన్నా మెకానిక్’కు కలిపింది. కట్ చేసి మళ్లీ చెప్పాను, మళ్లీ అతనికే పోయింది. మూడోసారికి గొంతు పెరిగింది, చూపు తెర మీదికి పోయింది. అంతలో ముందు పోతున్న బండల లారీ బ్రేక్ వేసింది. నేనూ సమయానికి తొక్కాను కాబట్టి సరిపోయింది గానీ, సాయంత్రం దాకా గుండె దడ తగ్గలేదు.

అప్పటి నుంచి ఒక్కో లోపాన్నీ పట్టుకుని సరిచేసుకుంటూ వచ్చాను. బంధువుల కార్లలో చూసినా దాదాపు అవే లోపాలు. చాలామంది ‘మన యాస దానికి అర్థం కాదులే’ అని వదిలేసి ఫోన్ చేతిలోకి తీసుకుంటున్నారు. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌కు 2019లో చేసిన సవరణ ప్రకారం, నడుపుతూ చేత్తో ఫోన్ వాడటం ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందికి వస్తుంది. మొదటిసారికే 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా, జైలు కూడా పడొచ్చు. జరిమానా సంగతి అలా ఉంచినా, ఆ లారీని తలుచుకుంటే చాలు నాకు. యాస వల్ల వచ్చే ఇబ్బంది కొంతే. మైకు ఎక్కడుంది, పేరు ఎలా రాసుకున్నాం, అనుమతి ఇచ్చామా లేదా అన్న చోటే అసలు తేడా వస్తోంది. కింద చెప్పేవన్నీ బండిని నీడన ఆపుకుని చేయాల్సిన పనులు.

ముందు తేల్చుకోవాల్సింది: మీ మాట ఎవరు వింటున్నారు?

ఒకే తెర వెనక ముగ్గురు వినేవాళ్లు ఉండొచ్చు. కారుతో వచ్చిన స్టీరియోలో సొంత వాయిస్ కమాండ్ ఉంటుంది. దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు, కానీ పేర్లను ఎక్కువగా ఇంగ్లీష్ పద్ధతిలోనే చదువుకుంటుంది. రెండోది మీ ఫోన్‌లోని అసిస్టెంట్ (మాట విని పని చేసే సాయకుడు), గూగుల్‌ది గానీ ఐఫోన్‌లోని సిరి గానీ. అది బ్లూటూత్ ద్వారా గానీ, ఫోన్ యాప్‌లను కారు తెర మీద చూపే ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే (ఐఫోన్‌కు) ద్వారా గానీ వినొచ్చు. మూడోది బయట బిగించుకునే ఆండ్రాయిడ్ స్టీరియోల్లో ఉండే గూగుల్ యాప్. అది స్టీరియోదే, ఫోన్‌ది కాదు. దాన్ని పిలిచి ‘నాయనకు ఫోన్ చెయ్యి’ అంటే, మీ ఫోన్‌లోని పేర్లు దానికి తెలియవు కాబట్టి ఎవరూ లేరంటుంది. ఫోన్‌ను ఆండ్రాయిడ్ ఆటోకు కలిపి, అక్కడి మైకు గుర్తునే వాడితే ఈ చిక్కు ఉండదు.

చాలా కార్లలో స్టీరింగ్ మీది బటన్‌ను ఒకసారి తాకితే స్టీరియో వాయిస్ వస్తుంది, కాసేపు నొక్కిపట్టుకుంటే ఫోన్ అసిస్టెంట్ వస్తుంది. రెండింటి గొంతూ వేరుగా ఉంటుంది, విని గుర్తుపెట్టుకోండి.

తర్వాత ఒక చిన్న పరీక్ష. బ్లూటూత్ ఆపి, అదే మాట నేరుగా ఫోన్‌కు చెప్పండి. ఫోన్ సరిగా విని, కారులో మాత్రం తప్పితే లోపం మైకులోనో కనెక్షన్‌లోనో ఉన్నట్టు. ఫోన్ కూడా తప్పు వింటే లోపం పేరులో ఉన్నట్టు. ఈ ఒక్క పరీక్షతో సగం వెతుకులాట తప్పుతుంది.

సమస్య: ఒకరి పేరు చెబితే ఇంకొకరికి పోతోంది

మన కాంటాక్టులు చూసుకుంటే కారణం అక్కడే కనిపిస్తుంది. నా ఫోన్‌లో ఓబులేసులు నలుగురు, మస్తాన్‌లు ముగ్గురు. కొందరి పేర్ల ముందు రెండు మూడు ఇంటిపేరు అక్షరాలు, కొందరికి ‘కొత్త నంబర్’ అన్న తోక. ఒకే మనిషి సిమ్‌లో ఒకసారి, గూగుల్ ఖాతాలో ఒకసారి ఉంటాడు. ఇంగ్లీష్ అక్షరాల్లో ఒక్కోసారి ఒక్కోలా రాసుకున్నాం. అసిస్టెంట్ ఇంగ్లీష్‌లో వింటున్నప్పుడు మన పేరుకు దగ్గరగా వినిపించే ఇంకేదో మాట పట్టుకుంటుంది.

నేను చేసింది ఇది: తరచూ ఫోన్ చేసే ఇరవై మందిని ఎంచుకుని, పేరు పక్కన ఊరు చేర్చాను. ‘ఓబులేసు గుత్తి’, ‘ఓబులేసు పులివెందుల’. ‘అవ్వ’, ‘నాయన’ లాంటి చిన్న మాటలను అది సరిగా పట్టుకోవడం లేదు. అందుకని ‘అవ్వ కడప ఇల్లు’ అని మార్చాను. చిన్నాయన పేరు ‘చిన్నాయన కడప’ అయ్యాక, ఆ మెకానిక్‌కు నా ఫోన్ మళ్లీ పోలేదు. నోటితో ఎలా అంటామో అలాగే రాసుకోవాలి. పేరు ముందున్న ఇంటిపేరు అక్షరాలు, చుక్కలు, బొమ్మలు తీసేయాలి. డబుల్‌గా ఉన్నవాటిని కలిపేయాలి. అసిస్టెంట్ భాషను ‘ఇంగ్లీష్ (ఇండియా)’కు మార్చండి, అమెరికా ఇంగ్లీష్‌లో ఉంటే మన పేర్లు ఇంకా పాడవుతాయి. పాత స్టీరియో అయితే తెలుగు లిపిలో ఉన్న పేర్లు డబ్బాల్లా కనిపిస్తాయి, వాటిని అది పలకనూ లేదు. ఆ ఇరవై పేర్లు మాత్రం ఇంగ్లీష్ అక్షరాల్లోనే ఉంచుకోవడం మేలు.

ఇంకొకటి. బీప్ వచ్చేదాకా ఆగాలి. బటన్ నొక్కగానే బ్లూటూత్‌లో మాట దారి తెరుచుకోవడానికి క్షణం పడుతుంది. మనం తొందరపడితే మొదటి అక్షరం దానికి అందదు. పాత బ్లూటూత్ మాటను సెకనుకు 8,000 నమూనాలుగా తీసుకుంటుంది, మెరుగైన రకం 16,000. 8,000 దగ్గర స, శ, ఫ లాంటి శబ్దాలు అణగిపోతాయి. ‘సుబ్బారెడ్డి’ అన్నప్పుడు ‘సు’ను కొంచెం స్పష్టంగా పలికి చూడండి, తేడా తెలుస్తుంది.

సమస్య: ఎంత గట్టిగా చెప్పినా ‘అర్థం కాలేదు’ అంటోంది, అవతలివాళ్లకూ నా గొంతు బావిలో నుంచి వచ్చినట్టు ఉంటోంది

ఈ రెండూ కలిసి ఉంటే నూటికి తొంభై పాళ్లు మైకే. నా స్టీరియోతో పాటు వైరుతో ఒక చిన్న మైకు ఇచ్చారు, చింతగింజ కంటే కొంచెం పెద్దది. అది ఎక్కడుందో నాకు ఏడాదిపాటు తెలియదు. ఒక ఆదివారం గ్లవ్‌బాక్స్ విప్పి చూస్తే, వైరు చుట్ట చుట్టి, రబ్బర్‌బ్యాండ్ వేసి, ఏసీ గొట్టం పక్కన దోపి ఉంది. బిగించినవాళ్లు పిన్ను స్టీరియో వెనక గుచ్చి అక్కడితో వదిలేశారు. అంటే ఏడాదిగా నా మాట ప్లాస్టిక్ పలకకు అవతలి నుంచి, గాలి హోరులో వినిపిస్తోంది దానికి.

ఆ వైరును డాష్‌బోర్డు అంచు కింద నుంచి లాగి, ముందు అద్దం పక్క స్తంభం మీద, నా నోటికి ఎదురుగా క్లిప్పుతో పెట్టించాను. అరగంట పని. రంధ్రం మన వైపు తిరిగి ఉండాలి, ఏసీ గాలి నేరుగా తగలకూడదు, ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్తంభమైతే కవర్ మీదే పెట్టాలి గానీ లోపల వైరు అడ్డంగా పోనీయకూడదు. మైకు స్టీరియో ముఖం మీదే ఉంటే ఆ సూది రంధ్రాన్ని గమనించండి. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు దుమ్ములో తిరిగే బండ్లలో అది పూడిపోయి ఉండటం నేను చూశాను. మెత్తని పొడి బ్రష్‌తో తుడవాలి. పిన్నుతో పొడిస్తే మైకు పొర చినుగుతుంది.

మన ఎండలకు ఏసీ నాలుగులో పెట్టక తప్పదు. పేరు చెప్పేటప్పుడు మాత్రం ఒకటికి తగ్గించి, అద్దాలు ఎక్కించండి. అవతలివాళ్లకు వాళ్ల గొంతే తిరిగి వినిపిస్తోందంటే స్పీకర్ శబ్దం మైకులోకి పోతోందన్నమాట, కాల్ వాల్యూమ్ తగ్గిస్తే సరిపోతుంది.

సమస్య: పేరు సరిగా వింటుంది, ‘కాల్ చేస్తున్నాను’ అంటుంది, ఆ తర్వాత ఏమీ జరగదు

రెండు సిమ్‌లవాళ్ల సమస్య ఇది. ఏ సిమ్ నుంచి చేయాలని ఫోన్ తెర మీద అడుగుతూ ఉంటుంది, ఫోన్ జేబులో ఉంటుంది. సెట్టింగ్స్‌లో సిమ్ కార్డుల దగ్గరికి పోయి, కాల్స్‌కు ‘ప్రతిసారీ అడుగు’ తీసేసి ఒక సిమ్‌ను ఖాయం చేయండి. అప్పటికీ కదలకపోతే ఫోన్ లాక్ వల్ల ఆగుతోంది. లాక్ ఉన్నా పని చేసేలా అసిస్టెంట్‌కు అనుమతి ఇవ్వాలి.

సమస్య: పాటలు వస్తాయి, కాల్స్ వస్తాయి, పేర్లు మాత్రం లేవు

బ్లూటూత్‌లో పాటలకు ఒక దారి, మాటలకు ఒకటి, ఫోన్‌బుక్‌కు ఇంకొకటి ఉంటాయి. మొదటిసారి జత చేసేటప్పుడు కాంటాక్టులు ఇవ్వాలా అని ఫోన్ అడుగుతుంది, హడావుడిలో వద్దని నొక్కేస్తాం. ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్ జాబితాలో స్టీరియో పేరు పక్కన ఉన్న సెట్టింగ్స్ గుర్తు తాకి కాంటాక్టుల అనుమతి ఆన్ చేయాలి. ఐఫోన్‌లో అదే చోట ‘సింక్ కాంటాక్ట్స్’ ఉంటుంది. అప్పటికీ రాకపోతే రెండు వైపులా జత తీసేసి మళ్లీ కలపండి.

సమస్య: ఊళ్లో బాగానే ఉంటుంది, ఘాట్‌లో పలకదు

ఫోన్ అసిస్టెంట్‌కు ఎక్కువగా ఇంటర్నెట్ కావాలి. కడప నుంచి రాయచోటి పోయేటప్పుడు గువ్వలచెరువు ఘాట్‌లో నాకు డేటా వచ్చిపోతూ ఉంటుంది. అలాంటి చోట స్టీరియో సొంత వాయిస్ కమాండ్ మేలు. అది లేనివాళ్లు ముఖ్యమైన మూడు నంబర్లను స్టీరియో ఫేవరెట్లలో పెట్టుకోవాలి. నేనైతే ఘాట్ ఎక్కకముందే పక్కన ఆపి, ఇంటికి ఒక మాట చెప్పి బయలుదేరుతున్నాను.