హైదరాబాద్‌లో ఉద్యోగానికి వస్తున్నారా? అద్దె ఇల్లు ఖాయం చేసుకునే ముందు జాగ్రత్తలు

ఆఫీసు హైటెక్ సిటీలోనో గచ్చిబౌలిలోనో అయితే, ఆదివారం ఇల్లు చూసి అప్పటికప్పుడు మాట ఇచ్చేయకండి. సోమవారం పొద్దున 9 గంటలకు అదే దారిలో ఆఫీసు దాకా ఒకసారి వెళ్లి చూడండి. నాగోలు–రాయదుర్గం మెట్రో దారిలో అయితే కాస్త దూరమైనా నయమే, స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగితేనే సుమా.

అన్నిటికంటే ముఖ్యం నీళ్లు. మంజీరా కనెక్షన్ (వాటర్ బోర్డు కుళాయి నీళ్లు) ఉందా, బోరు ఒక్కటేనా? మణికొండ, కొండాపూర్ వైపు ఎండాకాలంలో బోర్లు ఎండిపోతే ట్యాంకర్లే దిక్కు. ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లో కలిసిందో, విడిగా వసూలు చేస్తారో అడగండి. ఓనరు మాటొక్కటే సరిపోదు, వాచ్‌మన్‌నీ పక్క ఫ్లాట్ వాళ్లనీ కదిపి చూడండి. కుళాయి మూతి చుట్టూ తెల్లగా పొర కట్టిందంటే ఉప్పునీళ్లే (హార్డ్ వాటర్). గీజర్ కాయిల్ త్వరగా పోతుంది.

గ్రౌండ్ ఫ్లోరా? గోడల అడుగున చెమ్మ మరకలు, అక్కడ మాత్రమే కొత్తగా వేసిన పెయింటు ఉంటే వాననీళ్లు చేరే చోటేమో ఆరా తీయండి.

అగ్రిమెంట్ మామూలుగా 11 నెలలకు రాస్తారు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కని అడ్వాన్స్‌లో ఎంత పట్టుకుంటారో అందులోనే రాయించండి, గొడవలన్నీ అక్కడే వస్తాయి. చేరిన రోజే కరెంటు మీటరు రీడింగ్ ఫోటో తీసి ఓనరుకు వాట్సాప్ చేయండి. ఇల్లు కళ్లారా చూడకుండా టోకెన్ డబ్బు మాత్రం పంపొద్దు.