వంటగట్టు గ్రానైటు ఎక్కించే ముందు జాగ్రత్తలు

వైశాఖం ముహూర్తాలు దగ్గరపడ్డాయి. టెక్కలి నుంచి పర్లాకిమిడి, బరంపురం వైపు గ్రానైటు తెచ్చుకునేవాళ్లు ఇవి చూసుకోండి.

• పలకను పడుకోబెట్టి మోయించకండి, అంచు మీద నిలబెట్టే మోయాలి. 20 మి.మీ. మందం పలక చదరపు మీటరుకు 54 కిలోల దాకా తూగుతుంది. పడుకోబెడితే ఆ బరువుకే వంగి అడుగు భాగం సాగుతుంది. రాయి నొక్కుడుకు బాగా ఓర్చుకుంటుంది, సాగుడుకు అందులో పదోవంతు కూడా ఓర్చుకోదు. మా ఇంట్లో నలుగురు మోస్తుంటే ఒకాయన మెట్టు దిగాడు. వంపుకి మెలి తోడైంది. టక్ మని చిన్న శబ్దం, అంతే! సింకు మూల నుంచి అంచుదాకా ఏటవాలుగా చీలిక.

• సింకు కోత మూలలు గుండ్రంగా ఉండాలి. ముందు మూలల్లో డ్రిల్లుతో రంధ్రం వేసి, తర్వాత బ్లేడు పెట్టమనండి. పదునైన మూల దగ్గరే లాగుడంతా పోగవుతుంది.

• పలక తడిపి, ఆరుతుంటే చూడండి. చుట్టూ ఆరినా సన్నటి తడిగీత మిగిలితే అక్కడ పగులుందేమోనని అనుమానించాలి. పగులు పొడవు పెరిగేకొద్దీ దాన్ని సాగదీయడానికి తక్కువ బలం చాలని గ్రిఫిత్ అనే ఇంగ్లండు ఇంజనీరు 1921లోనే చెప్పాడు. గీత వేరే వైపు పోతోందిలే, ఇటు రాదు అనుకోవద్దు. లాగుడుకి, పగులు రెండు పక్కలూ ఒకదాని మీద ఒకటి జారడం తోడైతే పగులు దారి మళ్లుతుంది.

• లారీలో వాలు చట్రానికి ఆనించి, మధ్యలో చెక్కలు పెట్టి కట్టించండి.

• కింది గోడలు లెవెల్ ట్యూబుతో సరిచూడండి. బిగించాక చిమ్నీ కోసం గట్టెక్కి నిలబడనివ్వకండి, ముఖ్యంగా సింకు ముందున్న సన్న పట్టీ మీద.