పత్రికలో మీ వార్త రావాలంటే విలేకరులతో పరిచయం ఎలా పెంచుకోవాలి?

ప్రెస్ నోట్ రాయడం, దొరికిన ఈమెయిల్ చిరునామాలన్నిటికీ ఒకేసారి పంపడం, మర్నాడు పేపరు తిరగేసి ఉసూరుమనడం చాలామందికి అనుభవమే. పత్రికలో వార్తలు దిద్ది పేజీలో పెట్టే విభాగమైన డెస్కులో పనిచేసిన రోజుల్లో అలాంటి నోట్లు నా బల్ల మీదికి కుప్పలుగా వచ్చేవి. చాలావాటికి శీర్షిక దాటి చదివే యోగం పట్టేది కాదు. కొన్నిటిలో మంచి విషయమే ఉండేది. కానీ పంపినది ఎవరో తెలియదు, అది మా పేజీకి సంబంధించినది కాదు, పైగా పేజీ ముగించే వేళకు వచ్చింది. ఈ మూడు అడ్డంకులూ పరిచయంతో తొలగుతాయి.

ముందు వాళ్లు రాసింది చదవండి

వంద మంది జాబితా మీకు అక్కర్లేదు, ఐదారుగురు చాలు. మీ రంగం గురించి ఎవరు రాస్తున్నారో చూసి, గత రెండు మూడు నెలల్లో వారి పేరుతో వచ్చిన వార్తలు చదవండి. కోర్టు వార్తలు చూసే విలేకరికి మీ కొత్త యంత్రం కబురు పంపితే ఆయనేం చేసుకుంటాడు? ఎవరు ఏ బీట్ (వార్తలు సేకరించే రంగం) చూస్తారు, ఎలాంటి కోణం ఇష్టపడతారు, ఎవరి మాటలు ఉటంకిస్తారు, వారి డెస్కు ఎన్నింటికి ముగుస్తుంది అన్నవి ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. వార్త తెచ్చేది విలేకరే అయినా చోటిచ్చేది డెస్కు. కాబట్టి పేజీ చూసే సబ్ ఎడిటర్ ఎవరో కూడా తెలుసుకోండి.

మొదటి పలకరింపులో ఏమీ అడగొద్దు

"మీ వ్యాసం అద్భుతం" అన్న పొగడ్త ఎవరికీ గుర్తుండదు. ఆ వ్యాసానికి పనికొచ్చే ఒక లెక్కో, ఒక పత్రమో, మాట్లాడదగిన మనిషి పేరో రెండు వాక్యాల్లో పంపండి. పొరపాటు కనిపిస్తే నలుగురిలో ఎత్తిచూపకుండా విడిగా చెప్పండి.

అవసరానికి దొరికే మనిషి కండి

అసలు కీలకం ఇక్కడే ఉంది. సాయంత్రం ఆరింటికి విలేకరి చేతిలో సగం వార్త ఉంటుంది. దాన్ని మామూలు మాటల్లో వివరించగల మనిషి కోసం వెతుకుతుంటాడు. ఆ సమయంలో ఫోను ఎత్తేవారికే విలువ. 2008లో పీటర్ షాంక్‌మన్ అమెరికాలో 'హెల్ప్ ఎ రిపోర్టర్ ఔట్' అనే సేవ మొదలుపెట్టింది ఇలా వెతుక్కునే విలేకరులను, చెప్పగలిగేవారిని కలపడానికే. అడిగిన సంగతి మీకు తెలియకపోతే తెలియదనే చెప్పి, తెలిసినవారి పేరివ్వండి. ఆ పేరు మీ పోటీదారుది అయినా సరే. అలా చేసినవారికే ఆ విలేకరి మళ్లీ ఫోను చేస్తాడు.

చెడు వార్త వచ్చిన రోజు ఇది మరీ ముఖ్యం. 1906లో అట్లాంటిక్ సిటీ దగ్గర పెన్సిల్వేనియా రైల్‌రోడ్ రైలు నీటిలో పడి యాభై మందికి పైగా చనిపోయారు. ప్రమాదాలను దాచిపెట్టడమే అప్పటి రైల్వే కంపెనీల అలవాటు. ఆ కంపెనీకి పనిచేస్తున్న ఐవీ లీ మాత్రం వివరాలు తానే రాసి పత్రికలకు ఇచ్చాడు. తొలి ప్రెస్ నోట్ అదేనని చాలామంది చెబుతారు.

వార్త ఉన్నప్పుడే వార్త పంపండి

కొత్తదేమిటి, ఇప్పుడే ఎందుకు, ఎవరిపై ప్రభావం అన్నవి నాలుగైదు వాక్యాల్లో చెప్పండి. మాట్లాడేవారి ఫోను నంబరు, ఫొటోలో ఉన్నవారి పేర్లు తప్పక ఇవ్వండి. ఈ రెండూ లేక ఆగిపోయిన వార్తలు నాకు తెలుసు. ఉదయం పంపడం మేలు. జవాబు రాకపోతే రెండు మూడు రోజులకు ఒక్కసారి గుర్తుచేసి ఊరుకోండి. ఒకరికే ఇస్తున్నానని చెప్పిన వార్తను ఇంకొకరికి ఇస్తే ఇద్దరూ దూరమవుతారు.

మాట జారకుండా చూసుకోండి

విలేకరితో అన్నదంతా అచ్చవుతుందనే అనుకోండి. 'ఆఫ్ ది రికార్డ్', అంటే చెప్పింది అచ్చువేయకూడదన్న ఒప్పందం, మాట్లాడే ముందే కుదరాలి. అంతా చెప్పేశాక "ఇది రాయొద్దు" అంటే దానికి ఆయన కట్టుబడనక్కర్లేదు. అచ్చుకు ముందు వార్త చూపించమని అడగకండి. కానుకలు అసలే వద్దు. అమెరికాలోని సొసైటీ ఆఫ్ ప్రొఫెషనల్ జర్నలిస్ట్స్ నియమావళి అయితే వాటిని తిరస్కరించమనే చెబుతుంది.

వార్త వచ్చాక

క్లుప్తంగా ఒక ధన్యవాదం చాలు. పేరో అంకెయో తేదీయో తప్పు పడితే అదే రోజు, సరైన వివరం జతచేసి చెప్పండి. మీ గురించి నాలుగు వాక్యాలే రాశారన్నది తప్పుల కిందికి రాదు.