చిల్లర గల్లాలో వేసే ముందు ఒకసారి తిప్పి చూడండి

కర్నూలు వన్‌టౌన్‌లో మాది చిన్న కిరాణా కొట్టు. ఫోన్‌పే వచ్చాక చిల్లర తగ్గింది గానీ, షాంపూ ప్యాకెట్టుకీ పిల్లల చాక్లెట్లకీ ఇంకా బిళ్ళలే వస్తాయి. హైదరాబాద్-బెంగళూరు హైవే మీదున్న ఊరు కాబట్టి ఎక్కడెక్కడి చిల్లరో మా గల్లాపెట్టెలోకి చేరుతుంది. దానికి తోడు మా మరిది ఆర్టీసీ కండక్టరు. డ్యూటీ దిగాక తన చిల్లరలో కొంత నా దగ్గర నోట్లుగా మార్చుకుంటాడు. షట్టర్ దించి ఆ బిళ్ళలు ఒక్కొక్కటీ తిరగేస్తుంటే రోజంతా నిలబడ్డ నొప్పి గుర్తుకే రాదు. వాటిలో అప్పుడప్పుడూ అరుదైనవీ, టంకశాలలో (నాణేలు తయారయ్యేచోట) అచ్చు తప్పినవీ దొరుకుతాయి. మీకూ సరదా ఉంటే కావాల్సినవి తక్కువే: పదింతలు పెద్దగా చూపించే భూతద్దం, ఒక అయస్కాంతం ముక్క, మంచి లైటు, బల్ల మీద పరుచుకోవడానికి మెత్తటి గుడ్డ.

ముందు సరైన బిళ్ళ ఎలా ఉంటుందో కంఠతా రావాలి. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాల కోసం తిరిగేవాళ్ళని చూడండి. మామూలు రాళ్ళు వాళ్ళకి కొట్టిన పిండి, అందుకే తేడా రాయి చటుక్కున కంట పడుతుంది. కాబట్టి మొదట్లో అరుదైనవాటి కోసం వెతక్కండి. ఐదు రూపాయల బిళ్ళలు ఓ గుప్పెడు తీసుకుని, ఏ రకం ఎలా ఉందో చూస్తూ కూర్చోండి చాలు.

తర్వాత సంవత్సరం అంకె కింద చూడటం అలవాటు చేసుకోండి. బిళ్ళ ఏ టంకశాలలో తయారైందో అక్కడే తెలుస్తుంది. ఐదు కోణాల నక్షత్రం ఉంటే హైదరాబాద్, వజ్రం ఆకారం ఉంటే ముంబై, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. ఒకే ఏడాది ఒకే విలువ బిళ్ళని అన్ని టంకశాలలూ సమానంగా కొట్టవు. ఒకచోట కోట్లలో కొడితే ఇంకోచోట కొద్దిగానే కొట్టి ఉండొచ్చు. అందుకే సేకరించేవాళ్ళు సంవత్సరాన్నీ గుర్తునీ కలిపే చూస్తారు. అప్పుడప్పుడూ చిల్లర చాలక మన ప్రభుత్వం బయటి దేశాల్లో కూడా కొట్టించింది. 1985 రూపాయిలో అంకె కింద ఇంగ్లిషు హెచ్ అక్షరం ఉంటే అది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో తయారైంది. 1990ల చివరి రూపాయిల్లో ఎమ్ అక్షరం నెత్తిన చిన్న సున్నా కనిపిస్తే మెక్సికోది. ఇవి లక్షలు పలికేవి కావు. కానీ అంత దూరం నుంచి వచ్చిన రూపాయి మన గల్లాలో దొరికితే ఆ సంతోషమే వేరు.

అయస్కాంతం ఎందుకంటే, 1983 నుంచి 1991 దాకా వచ్చిన పెద్ద రూపాయి రాగి, నికెల్ కలిపిన లోహం. 6 గ్రాములుంటుంది, అయస్కాంతానికి అంటదు. 1992 నుంచి వచ్చిన చిన్న రూపాయి స్టీలు, టక్కున అంటుకుంటుంది. పదకొండు మూలల పాత రెండు రూపాయలు అంటదు, 2005 నుంచి వచ్చిన గుండ్రటి స్టీలు రెండు రూపాయలు అంటుతుంది. ఎప్పుడైనా స్టీలు రకం అంటకుండా ఊరుకుందనుకోండి, దాన్ని పక్కన పెట్టి తెలిసిన బంగారం కొట్లో తూకం వేయించండి. వేరే బిళ్ళకి కోసిన రేకు మీద ఈ అచ్చు పడి ఉండొచ్చు. అలాంటివి నిజంగా అరుదు.

నాకు బాగా నచ్చింది తిప్పి చూసే పరీక్ష. సింహాల బొమ్మ నిటారుగా వచ్చేలా పెట్టి, బిళ్ళని పైనా కిందా చూపుడువేలు, బొటనవేలు మధ్య పట్టుకోండి. ఇప్పుడు పుస్తకం పేజీ తిప్పినట్టు పక్కకి తిప్పండి. మన బిళ్ళల్లో బొమ్మ నిటారుగా ఉంటే బొరుసు కూడా నిటారుగా రావాలి. అలా రాకుండా అంకె పక్కకి వాలితే అచ్చు తిరిగిందన్నమాట. కొంచెం వాలినవి తరచూ దొరుకుతాయి. పూర్తిగా అడ్డంగానో తలకిందులుగానో ఉంటే దాచండి. కాస్త చెయ్యి తిరిగాక కస్టమరుకి చిల్లర ఇస్తూనే చూసేయొచ్చు.

పది, ఇరవై రూపాయల బిళ్ళల్లో రింగు చూడండి. పదికి బయట పసుపు, లోపల తెలుపు. పన్నెండు మూలల ఇరవైకి బయట తెలుపు, లోపల పసుపు. లోపలి ముక్క పక్కకి జరిగి రింగు మీదికి ఎక్కిన బిళ్ళ మంచి దొరుకుడు. పది రూపాయల బిళ్ళ చెల్లదని మన ఊళ్ళో కొందరు ఇప్పటికీ తీసుకోరు, నాకది చాలా బాధ. బిళ్ళ మీద గీతలు పది ఉన్నా పదిహేను ఉన్నా, రూపాయి గుర్తు ఉన్నా లేకపోయినా చెల్లుతుంది. అప్పటిదాకా వచ్చిన 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే చెప్పింది. ఇవ్వబోతే ధైర్యంగా తీసుకోండి. తీసుకుంటేనే కదా వెతకగలిగేది.

అసలు పొరపాటుకీ, తర్వాత ఎవరో పాడు చేసినదానికీ తేడా పట్టుకోవడమే కష్టం. అంచు అర్ధచంద్రాకారంలో కోసుకుపోయిన బిళ్ళ దొరికితే సరిగ్గా దానికి ఎదురు అంచు చూడండి. టంకశాలలోనే అలా వచ్చి ఉంటే ఎదురు అంచు సాధారణంగా పల్చబడి, బిళ్ళ చుట్టూ ఉండే గట్టు అక్కడ సరిగా లేచి ఉండదు. ఎదురు గట్టు బాగానే ఉండి, కోసిన చోట గీరిన గుర్తులుంటే అది ఆకురాయి పనే అయి ఉంటుంది. అలాగే ఒకవైపు బొమ్మ ఉండి, రెండోవైపు అదే బొమ్మ అద్దంలోలా లోపలికి దిగి ఉంటే విలువైనదే. కానీ రెండు బిళ్ళల్ని వైస్‌లో (ఇనుప బిగింపులో) పెట్టి నొక్కినా అలాంటి గుర్తు పడుతుంది. అప్పుడు బొమ్మ ఉన్న వైపు నలిగి చదునుగా ఉంటుంది. రైలు పట్టాల మీద పెట్టినవి, సుత్తితో కొట్టినవి ఎన్నొచ్చినా గల్లాలోనే వేసేయండి.

స్మారక బిళ్ళలు పిల్లల కోసం దాచొచ్చు. 2003లో రైల్వే 150 ఏళ్ళకి వచ్చిన రెండు రూపాయల మీద లాంతరు పట్టుకున్న భోలు ఏనుగు ఎంత ముద్దుగా ఉంటుందో.

దొరికినదాన్ని కడగొద్దు. చింతపండు, పీతాంబరి, బూడిద ఏదీ తగలనివ్వొద్దు. తోమితే వచ్చే మెరుపు వల్ల ధర పడిపోతుంది. అంచులు పట్టుకుని చిన్న కాగితం కవర్లో పెట్టి, మీద తేదీ, ఎక్కడ దొరికింది, ఎందుకు దాచారు అని రాయండి. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లు వద్దు, కొన్నేళ్ళకి అవి జిగటై బిళ్ళకి ఆకుపచ్చ మరక పడుతుంది.

ఇక అమ్మకం. వైష్ణోదేవి బొమ్మ ఉన్న బిళ్ళకి లక్షలిస్తామని వీడియోలు చూసే ఉంటారు. నమ్మి ఫోన్ చేస్తే రిజిస్ట్రేషన్ ఫీజనీ, జీఎస్టీ అనీ ముందు మీ దగ్గరే వసూలు చేస్తారు. తన పేరు వాడి పాత నోట్లు, నాణేలు కొంటామనే వాళ్ళని నమ్మొద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది. నిజంగా కొనేవాడు బిళ్ళ చూసి మీకు డబ్బిస్తాడు, మీ దగ్గర తీసుకోడు. ఏదైనా మంచిది దొరికితే రెండు వైపులా, అంచూ ఫోటోలు తీసి పెట్టుకోండి. హైదరాబాద్ లాంటి చోట నాణేల ప్రదర్శన జరిగినప్పుడు స్వయంగా పట్టుకెళ్ళి కనీసం ముగ్గురికి చూపించండి. ఒకరు చెప్పిన ధర ఇంకొకరికి చెప్పకుండా అడగండి.