పద్దెనిమిది నిండని కుర్రాణ్ణి పోలీసులు పట్టుకెళ్తే ఏం చేయాలి

మా కోనసీమలో రొయ్యల చెరువు గట్టు మీద మోటారు పోయినా, తీర్థంలో కొట్లాట జరిగినా అనుమానం ముందు కుర్రకారు మీదికే పోతుంది. పోలీసులు పిల్లాణ్ణి ఎక్కించుకెళ్లగానే అమ్మానాన్నా ఏ నాయకుడి గుమ్మం దగ్గరో నిలబడతారు. హెడ్మాస్టరుగా చేసి రిటైరైనవాణ్ణి, నా మాట వినండి: ఒకరు స్టేషనుకి, ఒకరు బడికి వెళ్లండి.

బడిలో అడ్మిషన్ రిజిస్టరు ఉంటుంది. పిల్లాడి పేరున్న వరస వెతికించి, అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసిన పుట్టిన తేదీ ఒకటేనా చూసుకోండి. సంతకం, సీలుతో సర్టిఫికెట్ తీసుకోండి. పదో తరగతి పాసైతే ఆ సర్టిఫికెట్ కూడా పట్టుకెళ్లండి. పద్దెనిమిది నిండని పిల్లల కేసులు చూసే 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ ముందు చూడమన్నది వీటినే. అవి లేకపోతేనే పంచాయతీ లేదా మున్సిపాలిటీ జనన ధ్రువపత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆ పరీక్ష చెప్పేది అంచనా వయసే, కాబట్టి కాగితం ఉండగా దానికి తలూపకండి. ఆధార్ ఒక్కటే పట్టుకుని వెళ్లకండి. లెక్కలోకి వచ్చేది నేరం జరిగిందన్న రోజుకి ఉన్న వయసు. ఈలోగా పద్దెనిమిది దాటినా ఈ చట్టమే వర్తిస్తుంది. వయసు సంగతి ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా లేవనెత్తవచ్చు.

స్టేషనుకి వెళ్లినవాళ్లు బాలల సంక్షేమ పోలీసు అధికారి ఎవరని అడగండి. లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు, వాంగ్మూలం మీద పిల్లాడి చేత సంతకం పెట్టించకూడదు. ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోగా జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకి తీసుకెళ్లాలి. లాయరుకి డబ్బుల్లేవని ఆగకండి. న్యాయసేవల నంబరు 15100కి ఫోన్ చేస్తే ఉచితంగా లాయరుని ఇస్తారు.

బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. సాధారణంగా బెయిల్ ఇవ్వాల్సిందే. చెడు సావాసంలో పడతాడనో, ప్రమాదమనో, న్యాయానికి అడ్డమనో తోస్తేనే ఆపుతారు. అందుకే పిల్లాడు ఎవరింట్లో ఉంటాడు, ఏ బడికి వెళ్తాడు, ఎవరు కనిపెట్టుకుని ఉంటారు అన్నది ముందే ఖాయం చేసుకోండి. మేనమామ బాధ్యత తీసుకుంటానంటే ఆయన్నీ వెంట తీసుకెళ్లండి.

నేరం రుజువైనా బోర్డు, ఇలాంటి పిల్లల్ని ఉంచే ప్రత్యేక గృహానికి పంపగలిగేది గరిష్ఠంగా మూడేళ్లకే. పదహారు నిండినవాడి మీద కనీసం ఏడేళ్ల శిక్ష పడే ఘోర నేరం మోపితే మాత్రం, పెద్దవాళ్లలా విచారించాలా అన్నది బోర్డు తేలుస్తుంది. 2012 ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత వచ్చిన మార్పు ఇది. నాకు సమ్మతం కాదు. టెన్త్ గదిలో ఆ వయసువాళ్ల మధ్యే నా ఉద్యోగమంతా గడిచింది. ఒక్క మాటకి రెచ్చిపోయేవాడే ఒక్క మాటకి మారేవాడు కూడా. అయితే ఆ విచారణలోనూ ఉరి ఉండదు, విడుదలకు అవకాశమే లేని యావజ్జీవమూ ఉండదు. ఇరవై ఒకటి వచ్చేదాకా పెద్దల జైలుకీ పంపరు. ఈ దశ వస్తే లాయరు లేకుండా ఒక్క వాయిదాకీ వెళ్లకండి.

ఇంకొకటి, ఊరి వాట్సాప్ గ్రూపులో పిల్లాడి పేరు, ఫోటో ఎవరైనా పెడితే వెంటనే తీయించండి. 74వ సెక్షన్ కింద అది నేరం. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.